ప్రశ్నలు – జవాబులు – ఒక పింగ్‌పాంగ్ బల్ల

నేపర్‌విల్‌లో మార్చి నెల వచ్చిందంటే మన తెలుగువారి ఇళ్ళలో రెండు హడావుడులు మొదలవుతాయి. ఒకటి ఉగాది నాటకానికి రిహార్సల్సు. రెండోది మే నెల మొదట్లో రాబోయే ఏపీ పరీక్షల బెంగ. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదనీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఏడు ఆ బెంగ మా ఇంటికీ వచ్చింది. మా అన్నయ్యగారి అమ్మాయి పదకొండో తరగతి. బయాలజీ ఏపీ తీసుకుంది. "నువ్వు డాక్టరువే కదయ్యా, ఆదివారం పూట రెండు గంటలు దానికి కాస్త చెప్పరాదూ?" అన్నారు మా వదినగారు. వదినగారి మాటకు ఎదురు చెప్పే అలవాటు మాకు లేదు. ఆ నోటా ఈ నోటా పడి మరో నలుగురు పిల్లలు చేరారు. మా బేస్‌మెంటులో పింగ్‌పాంగ్ బల్లకు నెట్టు విప్పేసి, చుట్టూ కుర్చీలు వేశాము. బడి మొదలయింది.

మేము చదివింది బైపీసీ. మా ఎంసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు. వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. బిట్ బ్యాంకు అట్టలు ఊడిపోయేదాకా చదివి గట్టెక్కినవాళ్ళం. అదే ధైర్యంతో మొదటి ఆదివారం టకటకా బిట్లు అడిగాము. కణంలో శక్తి ఎక్కడ తయారవుతుంది? క్షయకరణ విభజన ఎన్ని దశలు? పిల్లలూ టకటకా చెప్పారు. ఇంకేం, అయిదుకు అయిదు ఖాయమనుకున్నాము.

రెండో ఆదివారం అసలు ప్రశ్నపత్రం తీశాము. కాలేజ్ బోర్డువారు గడచిన సంవత్సరాల వ్యాసరూప ప్రశ్నలను, మార్కులు ఎలా వేయాలో తెలిపే పట్టికలతో సహా అందరికీ అందుబాటులో ఉంచుతారు. పిల్లలకు తోడుగా మేమూ కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాము. తొమ్మిది మార్కుల పెద్ద ప్రశ్న ఒకటి వ్రాసి, పట్టిక ప్రకారం దిద్దుకున్నాము. మా అమ్మాయికి మూడు వచ్చాయి. మాకు నాలుగు. "బాబాయ్, ఈ సంగతి మీ పేషెంట్లకు తెలుసా?" అంది మా అమ్మాయి. నవ్వి ఊరుకోక తప్పలేదు.

ఎక్కడ తప్పామా అని చూసుకుంటే తెలిసింది. ఆ విషయం మీద మాకు తెలిసినదంతా ఏకరువు పెట్టాము. వాళ్ళు అడిగింది అది కాదు. ఒక ప్రయోగం చూపించి, ఇందులో ఫలానాది మారిస్తే ఏమవుతుందో ఊహించు, ఎందుకో కారణం చెప్పి సమర్థించు అన్నారు. మా జవాబులో ఊహా లేదు, సమర్థనా లేదు, పాఠం మాత్రం ఉంది.

తెలియనివారి కోసం పరీక్ష స్వరూపం చెబుతాము. మొత్తం మూడు గంటలు. మొదటి గంటన్నరలో 60 బహుళైచ్ఛిక ప్రశ్నలు, తరువాతి గంటన్నరలో 6 వ్యాసరూప ప్రశ్నలు (రెండు పెద్దవి, నాలుగు చిన్నవి). రెండు భాగాలకూ సమానమైన విలువ. 2025 నుంచి మొదటి భాగం కంప్యూటరు మీద, రెండో దానికి జవాబులు చేత్తో కాగితం మీద. తప్పు జవాబుకు మార్కులు తగ్గించే పద్ధతి 2011లోనే పోయింది కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనక్కరలేదు.

మూడో ఆదివారం నుంచి పద్ధతి మార్చాము. ముందు ప్రశ్న, తరువాతే పుస్తకం. మచ్చుకు రెండు:

ప్రశ్న: మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట వస్తుంది. నీరు ఎక్కడిది? ఆ పచ్చడి ఏడాదిదాకా పాడవకపోవడానికీ దీనికీ సంబంధమేమిటి?
జవాబు: ద్రవాభిసరణ. కణత్వచానికి బయట లవణ గాఢత ఎక్కువ కావడంతో ముక్కల కణాలలోని నీరు బయటకు వస్తుంది. పచ్చడిలో పడిన సూక్ష్మజీవుల గతీ అంతే. నీరు కోల్పోయి అవి పెరగలేవు. (మామిడికాయ పులుపూ ఇందుకు సాయం చేస్తుంది.)

ప్రశ్న: సైనైడు మైటోకాండ్రియాలోని ఎలక్ట్రాన్ రవాణా గొలుసును చివరి మెట్టులో ఆపివేస్తుంది. కణం ఆక్సిజన్ వాడకం, ఏటీపీ తయారీ ఏమవుతాయి? కారణం చెప్పండి.
జవాబు: రెండూ పడిపోతాయి. ఎలక్ట్రాన్లను చివర అందుకోవలసినది ఆక్సిజనే. అవి దానికి చేరకపోతే దాని వాడకం ఆగుతుంది. ఎలక్ట్రాన్లు కదలకపోతే ప్రోటాన్లను త్వచానికి అవతలికి తోయడం ఆగి, ఏటీపీ తయారీ కుంటుబడుతుంది.

ఈ రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగి పిల్లలకు ఒక సంగతి చెప్పాము. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవలేదు. మూడు మార్కుల అమ్మాయి ముఖం కొంచెం తేటపడింది.

ముందే ప్రశ్న అడగడమేమిటి, చదవకుండా ఏం చెబుతారు అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగారు. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనేవారు చేసిన ప్రయోగం ఒకటి ఉంది. విద్యార్థుల చేత ఒక పాఠాన్ని సగం సార్లు రెండోసారి చదివించారు, సగం సార్లు చూడకుండా వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత మళ్ళీ చదివినదే ఎక్కువ గుర్తుంది (81 శాతం, వ్రాసినది 75). వారం తరువాత తారుమారైంది. వ్రాసినది 56 శాతం నిలిచింది, మళ్ళీ చదివినది 42. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తిరగేస్తే అంతా వచ్చినట్టే ఉండి, కొన్నాళ్ళకు ఏమీ మిగలకపోవడం మనకందరికీ అనుభవమే కదా.

ఇంతవరకూ అయితే ఈ వ్యాసం వ్రాయాలని మాకు తోచేది కాదు. అయిదో ఆదివారం జన్యుశాస్త్రం వచ్చింది. అమెరికా పుస్తకంలోని బఠాణీలు ఎందుకులే, మన ఇళ్ళలోని ఉదాహరణ ఇద్దామని మేనరికం లెక్క ఇచ్చాము. ఒక తాతగారిలో ఒక జబ్బు తాలూకు అంతర్గత జన్యువు ఒక్క ప్రతి ఉంది. ఆయనకు జబ్బు లేదు, వాహకుడు మాత్రమే. ఆయన కొడుకుకు, ఆయన కూతురి కూతురిని ఇచ్చి పెళ్ళి చేశారు. బయటినుంచి వచ్చినవారెవరిలోనూ ఆ జన్యువు లేదనుకుంటే, బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశమెంత?

కొడుకు వాహకుడయ్యే అవకాశం 1/2. మనుమరాలికి 1/4. ఇద్దరూ అయితే బిడ్డకు జబ్బు రావడానికి మరో 1/4. మొత్తం 1/32. బావామరదళ్ళయితే 1/64. పిల్లలు చకచకా వేశారు. మా అమ్మాయి మాత్రం పెన్సిలు దించకుండా వంశవృక్షం వైపే చూస్తూ కూర్చుంది.

"బాబాయ్, తెనాలి పెద్దతాతయ్యకు వినపడదు కదా. ఆయన అమ్మానాన్నలది ఇదేనా?"

అవును. మా అమ్మమ్మను ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. వారి పెద్దకొడుకు, మా మేనమామగారికి, పుట్టుకతోనే చెవులు వినపడవు. కడుపుతో ఉండగా గ్రహణం నాడు వాకిట్లోకి వచ్చినందుకే అలా అయిందని అమ్మమ్మ బతికినన్నాళ్ళూ తనను తాను తిట్టుకుంది.

"మరి నువ్వేమంటావు?" అన్నాము.

కాసేపు ఆలోచించి, పరీక్షలో వ్రాసినట్టే చెప్పింది. "ఒక్కరిని చూసి మేనరికం వల్లనేనని చెప్పలేం. తల్లికి వచ్చిన ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు. మేనరికంలో అవకాశం పెరుగుతుందని మాత్రం చెప్పగలం. గ్రహణం వల్ల కాదని కచ్చితంగా చెప్పగలం."

పట్టిక ఉంటే పూర్తి మార్కులు వేసేవాళ్ళం.

ఆ రాత్రి మా అమ్మాయే వాళ్ళ నానమ్మకు, అంటే మా అమ్మకు, ఫోను చేసి వచ్చీరాని తెలుగులో లెక్కంతా చెప్పింది. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత మా అమ్మ అన్నది ఒక్కటే: "మా అమ్మ ఉండగా ఈ మాట ఎవరూ చెప్పలేదేరా."

మేము 2011లో వైద్యపట్టా పుచ్చుకున్నాము. అమ్మమ్మ 2014లో పోయింది. వంశవృక్షాలు గీసి, సంభావ్యతలు లెక్కకట్టి పాసైనవాళ్ళమే. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆమె మంచం పక్కనే కూర్చున్నాము, బీపీ చూశాము, మందులు వ్రాశాము. ఈ లెక్క మాత్రం ఒక్కనాడూ కాగితం మీద వేసి చూపించలేదు. పరీక్షకు చదివినది పరీక్షతోనే అయిపోయిందనుకున్నాము. దీనికి మాకు మేమే సున్న వేసుకోవాలి.

మన పిల్లలందరూ డాక్టర్లే కావాలని మేము అనము. మా అమ్మాయి ఏమవుతుందో దానికింకా తెలియదు. అయినా తనకు తెలిసినది ఎదుటివారికి ఎప్పుడు అవసరమో గుర్తించడం నేర్చుకుంటే ఏ చదువైనా వృథా పోదని మాకు తోస్తున్నది.

ఆసక్తిగలవారికి మనవి. ఏప్రిల్ ఆఖరుదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మా పింగ్‌పాంగ్ బల్ల ఖాళీయే. పెన్సిలు, కాలిక్యులేటరు తెచ్చుకోవలెను. తప్పిన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుని, వారం తరువాత చూడకుండా మళ్ళీ వ్రాయడం ఇక్కడి నియమం. తల్లిదండ్రులూ రావచ్చు, కాని వాళ్ళూ పరీక్ష వ్రాయవలసిందే. దిద్దేది పిల్లలు.