తుపాకి పట్టనివారి గోడు



2023 అక్టోబరు 7 తరువాత జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో మేము ప్రార్థనకు వెళ్ళిన ఇండ్లలో తరచుగా ఒక మాట వినేవారము. "అయ్యగారూ, మా పిల్లగాడు ఇజ్రాయెల్‌ల ఉన్నడు. సైరన్ మోగితే షెల్టర్లకు ఉరుకుతున్నమని ఫోన్ల చెప్తున్నడు. జెర ప్రార్థన చేయుండ్రి." మన ప్రాంతమునుండి ఎందరో అక్కడికి వృద్ధులను చూచుకునే కేర్‌గివర్ పనికి వెళ్ళియున్నారు. ఆ తల్లుల భయము ఉత్తది కాదు. ఆ దినమున హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు.

అయితే ఆ ఫోను గోడకు ఒక ప్రక్కనుండి వచ్చినది. అవతలి ప్రక్కనుండి మన ఊళ్ళకు ఫోను చేయువారు లేరు. కాబట్టి గాజా తల్లుల సంగతి మన ప్రార్థనలలోనికి రాలేదు. పైగా "పాలస్తీనావాళ్లంటే ఫిలిష్తీయులే గదా" అని కొందరు విశ్వాసులు అనుట మేము విన్నాము. ఆ దేశమునకు పేరు అక్కడనుండి వచ్చినదే గాని, నేటి ప్రజలు గొల్యాతు సంతతివారు కారు. వారు అరబ్బీ మాట్లాడువారు, ఎక్కువమంది ముస్లిములు, కొద్దిమంది క్రైస్తవులు. యెరూషలేము యాత్రనుండి మనవారు తెచ్చి గోడకు తగిలించుకొను ఒలీవ కర్ర సిలువలను బేత్లెహేములో తరతరాలుగా చెక్కుచున్నది పాలస్తీనా క్రైస్తవ కుటుంబములే. ఇది తెలియక చాలామంది ఆ సిలువ క్రిందనే కూర్చుండి వారిని శత్రువులని అంటారు.

గాజా పొడవు సుమారు 41 కిలోమీటర్లు. జగిత్యాలనుండి సిరిసిల్లకు వెళ్ళు దారియంత కూడా లేదు. ఆ ఇరుకులో 20 లక్షలకు పైగా జనము. వారిలో మూడింట రెండు వంతులకు పైగా 1948లో ఊళ్ళు విడిచి వచ్చిన కాందిశీకులు, వారి పిల్లలు, మనుమలు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరేనాటికి అక్కడ 67 వేలమందికి పైగా చనిపోయారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. ఆ లెక్కలో పోరాడినవారిని, పోరాడనివారిని విడదీయలేదు. అయినను దాదాపు సగము స్త్రీలు, పిల్లలే. పది మందిలో తొమ్మిదిమంది ఇల్లు విడిచి పరుగెత్తినవారే, అదియు ఒక్కసారి కాదు. 2025 ఆగస్టులో గాజా నగర ప్రాంతమున కరువు ఏర్పడినదని ఐక్యరాజ్య సమితి సంస్థలు పాల్గొన్న నిపుణుల సంఘము ప్రకటించెను. వానలు లేక వచ్చిన కరువు కాదది. ఆహారపు లారీలను సరిహద్దులో ఆపినందున వచ్చినది.

మన పెద్దలకు ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీలు దొరల వెట్టికి ఎదురు తిరిగారు. సెప్టెంబరులో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగినది. అక్టోబరులో ప్రభుత్వము ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. తరువాత ఎన్నో సంవత్సరములు పల్లె జనము ఎట్లు బ్రతికినదో ఇప్పటి యౌవనస్థులకు తెలియదు. రాత్రి దళము వచ్చి అన్నమడిగితే పెట్టవలె. తెల్లవారి పోలీసులు వచ్చి ఎందుకు పెట్టినావని అడిగేవారు. పెట్టకపోతే ఇన్ఫార్మరు అను ముద్ర, ఆ ముద్రకు శిక్ష చావు. 1997లో విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు మరికొందరితో కలిసి ఒక కమిటీ పెట్టి, ఇరుపక్షములవారికి చెప్పిన మాట సామాన్యుని బ్రతుకును గూర్చియే. 2004లో హైదరాబాదులో చర్చలు జరిగి, నిలువలేదు. మన ఊళ్ళమీద విమానములు బాంబులు వేయలేదు, నిజమే. రెండు దుఃఖములను ఒకే తూకములో పెట్టుట మా ఉద్దేశము కాదు. రెండు తుపాకుల నడుమ నిలువబడినవానికి ఏ పక్షమును లేదని మాత్రము మనవారికి తెలుసు.

ఆ దినములలోనే ఎంతోమంది అప్పు చేసి, ఏజెంటుకు డబ్బు కట్టి గల్ఫు దారి పట్టారు. కొందరిని కరువు పంపినది, కొందరిని భయము పంపినది. సిరిసిల్ల నేతకారులు భివండికి వెళ్ళినట్లే వీరు కువైటుకు, దుబాయికి వెళ్ళారు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో చొరబడినప్పుడు అక్కడ మనవారున్నారు, వారితోపాటు సుమారు 4 లక్షలమంది పాలస్తీనావారున్నారు. ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, గుమాస్తాలు, దుకాణదారులు. మూటలు నెత్తిన పెట్టుకొని ఇరాకు మీదుగా జోర్డాను ఎడారిలోని శిబిరములకు చేరిన దారి అనేకులకు ఒక్కటే. అమ్మాను పట్టణమునుండి ఎయిరిండియా విమానములు రెండు నెలలలో 1,70,000 మందికి పైగా భారతీయులను తెచ్చినవి. మనవాడు అప్పుతో వచ్చినను ఊరికి వచ్చాడు. పాలస్తీనావానికి ఊరు ఎక్కడ? 1991లో యుద్ధము ముగిసిన తరువాత, వారి నాయకుడు అరాఫత్ సద్దాము వైపు మొగ్గాడను కోపముతో, కువైటులో మిగిలినవారిని కూడా చాలావరకు వెళ్ళగొట్టారు. నాయకుని మాటకు బడిపంతులు శిక్ష అనుభవించాడు. అంత పెద్ద సమాజములో కొన్ని పదుల వేలమందే అక్కడ మిగిలారు.

గాజాలో అల్ అహ్లి అను ఆసుపత్రి ఉన్నది. మచిలీపట్నములో నోబుల్ దొరగారిచేత పాఠశాల పెట్టించిన చర్చి మిషనరీ సొసైటీయే 1882లో దీనిని ఆరంభించినది. ఇప్పుడు యెరూషలేము ఆంగ్లికన్ డయాసిస్ దానిని నడుపుచున్నది. 2025 ఏప్రిల్ 13న ఇజ్రాయెల్ క్షిపణులు ఆ ఆసుపత్రిలోని అత్యవసర విభాగమును పాడుచేసినవి. రోగులను అర్ధరాత్రి వీధిలోనికి మోసుకొనిపోయారు. అది మట్టల ఆదివారము. అంతకు ముందు 2023 అక్టోబరు 19న సెయింట్ పోర్ఫిరియస్ గుడి ఆవరణములో తలదాచుకున్నవారిలో పదిహేనుమందికి పైగా చనిపోయారు. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ చర్చిమీద గుండు పడి ముగ్గురు మరణించారు. పోప్ ఫ్రాన్సిస్ తాను బ్రతికియున్నంతవరకు దాదాపు ప్రతి సాయంకాలము ఆ చర్చికి ఫోను చేసి, ఈ పూట ఏమి తిన్నారని అడిగేవారు.

ఇజ్రాయెల్‌లో ఉన్న మన పిల్లల పేర్లు ప్రార్థన చీటీలమీద వ్రాయుట మానవద్దు. అదే చీటీమీద గాజాను కూడా వ్రాయండి. 1990లో కువైటునుండి ఆ ఎడారి దారిన వచ్చిన పెద్దలు మీ సంఘములో ఉంటే, ఒక సాయంకాలము యౌవనస్థుల కూటములో వారిచేత మాట్లాడించండి. తమ ప్రక్కన నడిచిన పాలస్తీనావారిని గూర్చి వారినే అడగండి.