విదేశాలలో జీవశాస్త్ర విద్య – ఒక రైతు బిడ్డ లెక్కలు

సావనీరుకు విదేశీ విద్యను గురించి ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు నవ్వు వచ్చింది. నేను విమానం ఎక్కినదాన్ని కాను. హైదరాబాదు దాటి ఎరుగను. అయితే గత ఏడాదిగా ఈ విషయమై నేను వేసిన లెక్కలు మా ఇంటి ఎకరం భూమితో ముడిపడినవి గనుక, వ్రాయడానికి నాకూ కొంత అర్హత ఉన్నదనే అనుకుంటున్నాను.

మాది పల్నాడు. మిరప, ప్రత్తి పండిస్తాము. 2021 చివరలో మా చేలల్లో మిరప పూల నిండా సన్నటి నల్లని పురుగు కనిపించింది. నల్ల తామర పురుగన్నారు. కొట్టని మందు లేదు. పూత రాలిపోయింది. చాలామంది తోటలను దున్నేశారు, మేమూ దున్నేశాము. బి.ఎస్సీ.లో చేరిన తరువాత దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్ అని తెలిసింది. అది ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనిపించిందట. అది పాస్‌పోర్టు, వీసా లేకుండానే మా చేలోకి వచ్చింది. దాన్ని గురించి చదవడానికి నేను విదేశం పోవాలంటే ఎన్ని కాగితాలు కావాలో!

ఆ కాగితాల సంగతి కనుక్కుందామని నాన్నా నేనూ పట్నంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాము. వారు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఏ సబ్జెక్టు ఇష్టమని కాదు, మాకు భూమి ఎంత ఉన్నదని. అమెరికాలో రెండేళ్ళ ఎం.ఎస్., ఫీజు, తిండి, గది కలిపి నలభై లక్షలన్నారు. "పార్ట్‌టైము జాబు చేసుకుని తీర్చేస్తుంది లెండి" అని నాన్నకు ధైర్యం కూడా చెప్పారు. బస్సులో నాన్న, "రోడ్డు ప్రక్క ఎకరం తాకట్టు పెడితే ఇరవై వస్తాయమ్మా, మిగతాది బ్యాంకు లోను" అన్నాడు. మా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఇరవై లక్షలకు నెలకు నలభై వేలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత తెలిసింది ఏమనగా, అమెరికాలో చదువుకునే విదేశీ విద్యార్థి తరగతులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అదీ మామూలుగా విశ్వవిద్యాలయం ఆవరణలోనే. బయట పెట్రోలు బంకులోనో హోటల్లోనో చాటుగా చేస్తే వీసాకే ముప్పు. ఆ 20 గంటల కూలితో తిండి గడవవచ్చునేమో గాని, పల్నాడులో వడ్డీ తీరదు.

అసలు మాట మాకు చెప్పింది కన్సల్టెన్సీ వారు కాదు, సంక్రాంతికి వచ్చిన మన కళాశాల పూర్వ విద్యార్థిని ఒకావిడ. ఆమె అక్కడ పిహెచ్.డి. చేస్తున్నది. "నేను ఒక్క రూపాయి ఫీజు కట్టలేదు. వాళ్ళే నాకు నెలనెలా ఇస్తున్నారు" అన్నది. నేను నమ్మలేదు. ఆ తరువాత పది పదిహేను విశ్వవిద్యాలయాల నిబంధనలు నేనే చదివి చూశాను. నిజమే.

అమెరికాలో జీవశాస్త్రంలో ఎం.ఎస్.కు సాధారణంగా విద్యార్థి డబ్బు కడతాడు. పిహెచ్.డి.కి మాత్రం చాలా చోట్ల ఫీజు మాఫీ చేసి, బ్రతకడానికి స్టైపెండు ఇస్తారు. ఎందుకంటే ల్యాబులో ప్రయోగాలు చేసేదీ, డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్సు చెప్పేదీ ఆ విద్యార్థులే. కాబట్టి అది దానం కాదు, పనికి ప్రతిఫలం. మొదటి సంవత్సరంలో రెండు మూడు ల్యాబులలో కొన్ని వారాల చొప్పున పనిచేసి, నచ్చిన గురువును ఎంచుకోవచ్చు. దీన్ని రొటేషను అంటారు. గురువుకూ శిష్యుడు నచ్చాలనుకోండి. మొత్తం ఐదారేళ్ళ చదువు. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. సీటూ స్టైపెండూ ఇస్తామన్న వారికి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తాయి. వీసాకు ఆధారమైన ఐ-20 కాగితంలో, ఖర్చు ఎవరు భరిస్తారన్న చోట విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. మన పొలం విలువ కట్టించే పని ఉండదు.

అయితే మెలిక లేకపోలేదు. మన బి.ఎస్సీ. మూడేళ్ళది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి. కొన్ని మాత్రమే మూడేళ్ళదాన్ని ఒప్పుకుంటాయి. ఇక్కడే ఎం.ఎస్సీ. చేసినవారికి ఈ అడ్డు తొలగిపోతుంది. 2020 నాటి కొత్త విద్యా విధానంతో నాలుగేళ్ళ ఆనర్సు కూడా వచ్చింది గనుక మన జూనియర్లు ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది. జర్మనీ దారి వేరు. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావరకు ఫీజు లేదు. (బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సంఘం బయటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు.) మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఎ.పి.ఎస్. అనే ధ్రువపత్రం 2022 నవంబరు నుండి తప్పనిసరి. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందుగానే ఖాతాలో వేసి చూపాలి. ఇది 2024 సెప్టెంబరు నుండి ఉన్న లెక్క. అది ఫీజు కాదు, నెలనెలా మనకే తిరిగి వస్తుంది. అయినా ముందు అంత సొమ్ము చేతిలో ఉండాలి కదా. అక్కడ పిహెచ్.డి.కి మామూలుగా ఎం.ఎస్సీ. ఉండాలి.

ఇదంతా నాన్నకు చెబుతూ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఎత్తాను. అమెరికా వెళ్ళేటప్పుడు ఆయనకు సాయపడినది మామగారూ, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థానూ. బోస్టనులో ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో ఈనాటికీ ఉన్నది. హార్వర్డులో పిహెచ్.డి. పట్టా 1930లో వచ్చింది. 1948లో అక్కడే కన్నుమూశారు, మళ్ళీ స్వదేశం చూడలేదు. స్టైపెండు విలువ తెలుస్తుందని నేను చెబితే, నాన్న మరో విధంగా అర్థం చేసుకున్నాడు. "అంత అవస్థ నీకెందుకు తల్లీ, ఎకరం ఉంది కదా" అన్నాడు.

ఇక సీటు ఎవరికి ఇస్తారు? మార్కులు చూస్తారు గాని అవే చాలవు. బయాలజీ శాఖలు చాలావరకు జి.ఆర్.ఇ. పరీక్ష అడగడమే మానేశాయి. అందులోని బయాలజీ సబ్జెక్టు పరీక్షను 2021లో ఎత్తివేశారు. వారు చూసేది చేతితో ఏం పని చేశావు, ఏ ప్రశ్న నిన్ను వెంటాడుతున్నది అని. మనమేమో రికార్డుల్లో బొమ్మలు రంగు పెన్సిళ్ళతో అందంగా వేస్తాము, సీనియరు రికార్డు చూసి! మూడు సిఫార్సు ఉత్తరాలు కూడా కావాలి. ఇక్కడ మా గురువర్యులకు ఒక మనవి, చనువుగా భావించకండి. "ఈ విద్యార్థిని వినయశీలి, క్రమం తప్పక వచ్చును" అని వ్రాస్తే అక్కడివారికి ఏమీ తెలియదట. ఏ ప్రయోగం చేసింది, అది చెడిపోతే మళ్ళీ ఎలా చేసింది అన్నది వ్రాయాలట. అలా వ్రాయాలంటే మాచేత ముందు ప్రయోగం చేయించాలి కదా సార్! మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. అవి విద్యార్థులతో పాటు అధ్యాపకులకూ ఉన్నాయి. నేను దరఖాస్తు పెట్టాను.

స్టైపెండు దారి కూడా పూలబాట కాదు. 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టడంతో కొన్ని విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. సీట్లు తగ్గించాయి. ఇచ్చిన సీటును వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. ఒక్కో దరఖాస్తుకు కట్టే డాలర్లు తిరిగి రావు. అన్నీ పోయినా ఎకరం మాత్రం పోదు. నా లెక్క అంతవరకే.

నాన్నకు ఈ లెక్క పూర్తిగా రుచించలేదు. ఊళ్ళో అప్పటికే అందరికీ చెప్పుకున్నాడు, పాపం. "ఎం.ఎస్సీ. ఇక్కడే అంటే, మన అమ్మాయికి వీసా రాలేదంటారేమో" అన్నాడు. అననీ అన్నాను. వారం రోజులు ఫోనులో సరిగా మాట్లాడలేదు. మొన్న ఆదివారం తనే ఫోను చేసి, రోడ్డు ప్రక్క ఎకరంలో ఈ ఏడు మిరపే వేస్తున్నాననీ, తామర పురుగుకు నీలం జిగురు అట్టలు మొక్క ఎత్తున కట్టాలా, ఇంకా పైన కట్టాలా అనీ అడిగాడు. మా జువాలజీ మాస్టారిని అడిగి చెబుతానన్నాను.