మునిగిన ఓడ – చేపలకు నీడ

గుంటూరు మిరప యార్డులో ఎఱ్ఱని బస్తాలు కొండలవలె పేర్చియుండుట మీలో పెక్కురు చూచియుందురు. ఆ బస్తాలలో కొన్ని రేవులకు చేరి, ఓడలెక్కి, సముద్రములు దాటి పోవును. మన రేగడి చేలలో పండిన ప్రత్తియు నూలుగనో, బట్టగనో అట్లే ప్రయాణము చేయును. ఆ ఓడలను మనము కన్నులార చూడము. కాని అవి క్షేమముగా గమ్యము చేరిననే మన పంటకు వెల వచ్చును. కావున ఓడ యనునది మెట్ట రైతునకు గూడ బంధువే.

నేను ఉపాధ్యాయుడనుగా ఉన్న దినములలో ఒక సంవత్సరము ఎనిమిదవ తరగతి విద్యార్థులను మోటుపల్లికి తీసికొనిపోయితిని. అచ్చటి వీరభద్రాలయమును, శాసనమును చూచిన పిమ్మట మేము సముద్రపుటొడ్డున కూర్చుండి ఫలహారము చేయుచుంటిమి. ఒక బాలుడు అలల వంక చూచుచు, "మాస్టారూ! మునిగిన ఓడ తరువాత ఏమవుతుందండీ?" అని అడిగెను. "తుప్పు పట్టి మట్టిలో కలిసిపోతుంది" అని నేను వెంటనే బదులు చెప్పితిని. సమీపమున వల బాగుచేసికొనుచున్న వృద్ధుడైన జాలరి ఒకడు చిరునవ్వు నవ్వి, "పంతులుగారూ! మట్టిలో కలిసేలోపల అది చేపలకు ఇల్లవుతుందండీ. మా వలలు చిరిగేదీ అక్కడే, మా బుట్టలు నిండేదీ అక్కడే" అనెను. నాకు తెలియని పాఠమును ఆ దినమున ఆయనవద్ద నేర్చుకొంటిని. ఆ పాఠమునే కొంచెము విస్తరించి మీకు చెప్పెదను.

మోటుపల్లి నేడు చిన్న గ్రామము. పూర్వము ప్రకాశము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. కాని కాకతీయుల కాలమున అది దేశదేశముల వర్తకులు దిగిన గొప్ప రేవు. ఆ కాలమున సముద్రయానము ప్రాణములతో పందెము వేయుట వంటిది. తుపాను చెలరేగి ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, ఆ తీరమును ఏలెడి రాజు దానిని తన సొత్తుగా గైకొనెడివాడు. ఓడను సముద్రుడును, సరకును రాజును దోచినచో వర్తకునకు మిగులునదేమి? కాకతి గణపతిదేవ చక్రవర్తి ఈ అన్యాయమును గుర్తించెను. క్రీ.శ. 1244–45 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనమున, తుపాను పాలైన ఓడల సరకును ఇక తాను గైకొనననియు, నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందుననియు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము సామాన్యముగా ముప్పదింట ఒకవంతు. మునిగిన ఓడను చూచి చేయి చాపక, చేయి వెనుకకు తీసికొనిన రాజు ఆయన. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడు; తుదకు దీనితో మనకు పని కలదు.

ఇక ఓడ మునిగిన పిదప సముద్రగర్భమున జరుగు కథను వినుడు. మన తీరమున సముద్రపుటడుగు చాలవరకు ఇసుక, బురద. కృష్ణానది వేల సంవత్సరములుగా ఒండ్రుమట్టిని తెచ్చి అందు పోయుచున్నది. ఆ మెత్తని నేలలో పీతలు, నత్తలు, కొన్ని జాతుల రొయ్యలు, చేపలు సుఖముగా బ్రతుకును. కాని సముద్రజీవులలో మరియొక జాతి కలదు. అవి పిల్లదశలో నీటిలో తేలియాడుచు పోయి, గట్టి వస్తువు తగిలినచోట అంటుకొని, జన్మమంతయు అచ్చటనే గడపును. ఆల్చిప్పలు, స్పంజికలు, పగడపు జీవులు ఇట్టివే. ప్రాకుటకు పందిరి లేని బీరతీగ ఎట్లో, అంటుకొనుటకు గట్టి ఆధారము లేని బురదనేలలో ఈ జీవులు అట్లే.

అట్టి చోట ఒక ఇనుప ఓడ దిగినదనుకొనుడు. కొద్ది దినములలోనే కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిపై జిగురుపొరగా ఏర్పడును. కొన్ని వారములలో దానిమీద నాచు మొలచును. సున్నపు గుల్లల జీవులు పట్టుకొనును. నెలలు గడచిన కొలది ఆల్చిప్పలు, స్పంజికలు, మెత్తని పగడపు జీవులు ఇనుమును కప్పివేయును. ప్రవాహము ఓడను తాకి సుడి తిరుగునపుడు నీటిలోని సూక్ష్మాహారము వీటి నోటికి సులభముగా అందును. ఈ జీవులను తినుటకు చిన్న చేపలు వచ్చును. గదులలోను, గొట్టములలోను, పగుళ్ళలోను దాగుకొనును. చిన్న చేపలను వెదకుకొనుచు పార, వంజరము వంటి పెద్ద చేపలు వచ్చును. కొన్ని ఏండ్లకు ఆ ఓడ మనుష్యులు లేని పట్టణమై, చేపలకు కాపురమగును. ఇట్లు మనుష్యుడు చేసిన వస్తువు సముద్రజీవులకు ఆధారమైనచో దానిని కృత్రిమ దిబ్బ యందురు.

మన రాష్ట్రముననే ఇట్టి ఓడ యొకటి కలదు. శ్రీకాకుళము జిల్లా బారువ తీరమునకు చేరువలో, 1917లో మునిగిన చిల్కా అను ఆవిరి ఓడ శకలములు నేటికిని నీటిలో పడియున్నవి. మన కాలపు గజ ఈతగాండ్రు స్కూబా పరికరములు ధరించి దానియొద్దకు దిగి చూచి వచ్చుచున్నారు.

స్కూబా యన నేమి? ఈతగాడు వీపున గాలి నింపిన లోహపుసీసాను కట్టుకొని, నోటిలోని గొట్టముద్వారా ఊపిరి తీయు పద్ధతి. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనువారు, ఈతగాడు పీల్చునపుడు మాత్రమే తగినంత గాలిని విడుచు సాధనమును రూపొందించిరి. నాటినుండి సముద్రపుటడుగు సామాన్యులకు గూడ అందుబాటులోనికి వచ్చినది.

అయినను నీటి క్రింద మన భూమి నియమములు మారిపోవును. ప్రతి పది మీటర్ల లోతునకు నీటి ఒత్తిడి, మన తలపైనున్న వాయుమండలపు ఒత్తిడి యంత పెరుగును. ఇరువది మీటర్ల లోతున ఒత్తిడి మూడింతలు. అచ్చట పీల్చు ఒక్కొక్క ఊపిరికి సీసాలోని గాలి మూడింతలు ఖర్చగును. ఆ లోతున నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో అది మూడింతలు వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. కావుననే "ఊపిరి ఎన్నడును బిగబట్టరాదు" అనునది స్కూబా విద్యార్థి నేర్చు మొదటి పాఠము.

రెండవ అపాయమును గోలీసోడా చూచినవారికి చెప్పుట సులభము. గోలీని నొక్కగానే సోడాలో బుడగలు బుస్సున లేచును గదా! ఒత్తిడిలో నీటియందు కరగియున్న వాయువు, ఒత్తిడి తగ్గగానే బుడగలై బయటపడుచున్నది. లోతున నున్న ఈతగాని రక్తమునందును, కండలయందును గాలిలోని నత్రజని ఇట్లే కరగును. అతడు త్వరపడి పైకి వచ్చినచో అది బుడగలై కీళ్ళను, నరములను పీడించును. ఒక్కొక్కసారి ప్రాణము తీయును. అందువలన నిమిషమునకు తొమ్మిది పది మీటర్లకు మించకుండ మెల్లగా పైకి రావలెను; అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగవలెను. తొలి శిక్షణ ముగించినవారు పదునెనిమిది మీటర్లకంటె లోతునకు పోరాదు. ప్రత్యేక శిక్షణ లేనిదే మునిగిన ఓడ లోపలికి ప్రవేశింపరాదు.

నీటి క్రింద రంగులును మారును. సూర్యకాంతిలోని ఎఱుపును నీరు మొదటనే మ్రింగివేయును. మన కల్లములోని పండుమిరపకాయను ఇరువది మీటర్ల లోతునకు తీసికొనిపోయినచో అది మసకబారిన మట్టిరంగుగా కనబడును. దానిపై దీపము వేయగానే దాని ఎఱుపు దానికి తిరిగి వచ్చును. బూడిదవర్ణముగా తోచు ఓడ గోడ దీపకాంతిలో ఎఱుపు, పసుపు రంగుల తోటవలె మెరయుట చూచి ఈతగాండ్రు ఆశ్చర్యపడుదురు.

ఇంత మేలు కలుగుచున్నపుడు, పాత ఓడలను మనమే ముంచరాదా యని మీకు తోచవచ్చును. అనేక దేశములవారు ఆ పని చేసియున్నారు. 2006 మే 17వ తేదీన అమెరికావారు ఒరిస్కానీ అను విమానవాహక యుద్ధనౌకను ఫ్లారిడా తీరమునకు దూరముగా ముంచిరి. దాదాపు 270 మీటర్ల పొడవుగల ఆ ఓడ 37 నిమిషములలో మునిగి, 64 మీటర్ల లోతున నేలను తాకెను. మన దేశమున 1985లో నౌకాదళమున చేరి, 2024 జనవరిలో విరమించిన గుల్దార్ అను నౌకను, సింధుదుర్గ తీరమున నీటి అడుగు ప్రదర్శనశాలగను, కృత్రిమ దిబ్బగను చేయుటకై 2025లో మహారాష్ట్రమునకు అప్పగించిరి.

కాని ముంచుటకు పట్టిన నిమిషములను గాక, దానికి ముందు పట్టిన కాలమును లెక్కింపవలెను. ఓడలోని చమురు, కందెన, విషపూరితములైన రంగులు, విద్యుత్తు తీగెలు, ప్లాస్టిక్కు మొదలగువానిని తీసివేయవలెను. తలుపులు ఊడదీసి, గోడలకు రంధ్రములు చేసి, లోపల ఎవరును చిక్కుకొనకుండ చూడవలెను. సహజమైన పగడపు దిబ్బలపై పడకుండ ఇసుకనేలను ఎన్నుకొనవలెను. పైన పోవు ఓడలకు తగలనంత లోతు ఉండవలెను. ఇవి చేయక ముంచిన ఓడ దానము కాదు. అది సముద్రముపై పారవేసిన చెత్త.

ఇట్టి పొరపాటునకు ఒక ఉదాహరణము కలదు. 1970 ప్రాంతమున అదే ఫ్లారిడా తీరమున, చేపలకు మేలు చేయుదమను తలంపుతో ఇంచుమించు ఇరువది లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రములో వేసిరి. కట్లు తెగినవి. తుపానులు వచ్చినప్పుడెల్ల టైర్లు దొర్లుచు, ప్రక్కనున్న నిజమైన పగడపు దిబ్బలను నలుగగొట్టినవి. వానిని తిరిగి పైకి తీయుటకు 2007 నుండి సైనిక గజ ఈతగాండ్రు సయితము శ్రమింపవలసి వచ్చినది. వేయుట సులభము, తీయుట కష్టము.

మరియొక ప్రశ్న కలదు. మైళ్ళ కొలది పరచుకొనిన రేగడి చేల నడుమ ఒక్క తుమ్మచెట్టున్నచో పక్షులన్నియు దానిపైననే వాలును. అంతమాత్రమున ఊరిలో పక్షులు పెరిగినవని చెప్పగలమా? చెట్టున గూళ్ళు కట్టి పిల్లలను పెంచిననే పెరిగినవని చెప్పవలెను. మునిగిన ఓడ విషయమున శాస్త్రజ్ఞులు వాదించునది ఇదియే. అది చేపలను పెంచుచున్నదా, లేక ఎచ్చటెచ్చటి చేపలనో ఒకచోటికి పిలుచుచున్నదా? రెండును కొంతకొంత నిజమే. కాని పిలిచినచోటనే అందరును వలలు విసరినచో, చెట్టుపై వాలిన పిట్టలను ఒక్క వలతో పట్టినట్లగును; చేపలు పెరుగుటకు మారుగా త్వరగా తరుగును. ఓడకు చిక్కి తెగిపోయిన వల మరియు ప్రమాదకరము. యజమాని విడిచిపోయినను అది చేపలను పట్టి చంపుట మానదు.

మన తీరమున జాలరుల మేలుకొరకు ఓడలకంటె కాంక్రీటు దిమ్మెలనే ఎక్కువగా వాడుచున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు త్రికోణములుగను, వలయములుగను, బోలుగా పోయించిన దిమ్మెలను ఎన్నుకొనిన చోట్ల సముద్రములో దింపించుచున్నారు. అవి అడుగును ఈడ్చుకొనిపోవు పెద్ద మరపడవల వలలకు అడ్డుపడి, గాలముతో చేపలు పట్టు చిన్న పడవలవారికి ఆసరా యగుచున్నవి.

మునిగిన ప్రతి ఓడయు వినోదమునకు తగినది కాదు. 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి విశాఖపట్టణము చెంత పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ మునిగి, అందలి తొంబదిమందికి పైగా నావికులు మరణించిరి. వారు శత్రుదేశమువారే. అయినను మన నౌకాదళమువారు ఆ శకలములను సమాధిగా భావించి కదలింపలేదు. సముద్రమున మరణించినవారిని గౌరవించుట నావికుల ధర్మము.

ఇప్పుడు మోటుపల్లి శాసనమును మరల తలచుకొనుడు. పగిలిన ఓడపై తనకు అందివచ్చిన లాభమును గణపతిదేవుడు తానై విడిచెను. ఆ మాట నమ్మి వచ్చిన వర్తకులవలన రేవు వర్ధిల్లెను. మునిగిన ఓడయొద్ద నేడు మనము పాటింపవలసిన నీతియు అదియే. ముంచుటకు ముందు దాని విషమును తీయవలెను; మునిగిన పిదప మన చేతిని కొంత వెనుకకు తీసికొనవలెను. అట్లు చేసినచో సముద్రము వడ్డీతో తిరిగి ఇచ్చును.

ఆ వృద్ధ జాలరి మాటను నేను అటుపిమ్మట ప్రతి సంవత్సరము తరగతిలో చెప్పుచు వచ్చితిని. మీరును ఎప్పుడైన సముద్రపుటొడ్డునకు పోయినచో, వల బాగుచేసికొనువారియొద్ద కొంతసేపు కూర్చుండి వారి మాటలు వినుడు. పుస్తకములలో ఇంకను చేరని పాఠములు అచ్చట కలవు.