మోడలింగ్‌లో మెరిట్ మార్కులు ఎవరు వేస్తారు?

2024 ఆగస్టులో ప్రయాగ్‌రాజ్ సభలో రాహుల్ గాంధీ ఒక మాటన్నారు. మిస్ ఇండియాల జాబితా తిరగేసి చూశాననీ, అందులో దళిత, ఆదివాసీ, ఓబీసీ మహిళ ఒక్కరూ కనబడలేదనీ. ఆ మాట నిజమా, కాదా అని వాకబు చేసినవాళ్లు తక్కువ. ఎగతాళి చేసినవాళ్లు ఎక్కువ. అందాల పోటీల్లో కూడా రిజర్వేషన్లు కావాలట అని కేంద్ర మంత్రి కిరెన్ రిజిజు మొదలు చాలామంది నవ్వారు.

ఈ నవ్వు మనకు పాతదే. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. మెరిట్‌కి విలువ లేకపోతే మాకిదే గతి అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఊడ్చే పని ఎవరిదో, ఆ పని చేసేవాళ్లకి మెరిట్ ఉండదని ఎవరు తేల్చారో ఆ ఆటలోనే బయటపడింది. అప్పుడు మెరిట్ అంటే మార్కులు. ఇప్పుడు మెరిట్ అంటే మొహం.

మోడలింగ్ గురించి ఇక్కడ రాయడమేమిటని కొందరు మిత్రులకి అనిపించవచ్చు. అది బట్టలు, సబ్బులు అమ్ముకునే వ్యాపారం, అందులో ఆడపిల్లల్ని బొమ్మలు చేస్తారు అనే విమర్శ ఉంది. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు ఆ విమర్శ వీధికెక్కింది. 2025 మేలో హైదరాబాద్‌లో అవే పోటీలు జరిగినప్పుడూ వినబడింది. దాన్ని మేం కాదనడం లేదు. కానీ బస్తీల్లో, సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు టీచర్లని అడిగే ప్రశ్న వేరు. ‘మోడలింగ్‌లకు పోవాలంటే తెలిసినోళ్లు ఉండాల్నా సార్, మొఖం మంచిగుంటే చాలా?’ నీతిబోధతో ఈ ప్రశ్నని దాటేస్తే పిల్లలు మన దగ్గర ఆగరు. నేరుగా ఎవడో ఏజెంటు దగ్గరికి పోతారు. కాబట్టి ఆ పని ఎలా నడుస్తుందో ముందు చూద్దాం.

సర్కారు ఉద్యోగానికి పరీక్ష ఉంటుంది. పరీక్షలో ఎన్ని మోసాలున్నా ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. మోడలింగ్‌లో అదీ లేదు. ఎత్తు, కొలతలు చూస్తారు. న్యూయార్క్ ర్యాంప్ మీద నడిచే అమ్మాయి ఐదడుగుల తొమ్మిదంగుళాల చుట్టుపక్కల ఉండాలంటారు. అది గుమ్మం మాత్రమే. అవే కొలతలున్న వందమంది వరసలో నిలబడితే వాళ్లలో ఒకరినే ఎందుకు తీసుకున్నారో, తీసుకున్నవాళ్లు కూడా సరిగ్గా చెప్పలేరు. ‘ఆమెలో ఏదో ఉంది’ అంటారు. ఆ ‘ఏదో’కి వాళ్లు పెట్టుకున్న పేరు ‘లుక్’.

ఆష్లీ మియర్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్‌లో, లండన్‌లో తానే మోడల్‌గా పనిచేసి, ఆ అనుభవం మీద 2011లో ‘ప్రైసింగ్ బ్యూటీ’ అనే పుస్తకం తెచ్చారు. తోటి మోడళ్లతోనే కాదు, వాళ్లకి పని కుదిర్చే బుకర్లతో, ఎంపిక చేసే క్లయింట్లతో కూడా మాట్లాడారు. ఆమె చూపించిన దాన్ని మా మాటల్లో చెప్పుకుంటే ఇంతే: లుక్ అనేది మొహంలో ఉండదు, మొహం చుట్టూ ఉన్నవాళ్ల మాటల్లో తయారవుతుంది. బుకర్ ఫోన్ చేసి పొగుడుతాడు. పేరున్న ఫొటోగ్రాఫర్ ఒకడు ఆమెతో ఫొటోలు తీస్తాడు. ఆయన తీశాడని ఇంకొకరు పిలుస్తారు.

ఈ వ్యాపారంలో ‘ఆప్షన్’ అనే పద్ధతి ఉంది. ఒక మోడల్ మీద కన్ను పడితే, పని ఖాయం చెయ్యకుండానే ఆ రోజుకి ఆమెని తమకోసం ఆపుకోవచ్చు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఎవరి మీద ఎవరు తువ్వాలు వేశారన్న సంగతి ఏజెన్సీల ద్వారా, స్నేహాల ద్వారా మిగతా డిజైనర్లకి తెలిసిపోతుంది. ఫ్రెడెరిక్ గొడార్‌తో కలిసి మియర్స్ 2009లో ప్రచురించిన పరిశోధన దీని మీదే. ఎవరి అభిరుచి వారిదని చెప్పుకునే డిజైనర్లు చివరికి అదే కొద్దిమంది మోడళ్ల చుట్టూ మూగుతారు. ఒకరి తువ్వాలు చూసి ఇంకొకరు వేస్తారు మరి.

అందుకే ‘పరిచయాలా, మెరిట్టా’ అన్న ప్రశ్నని అలాగే ఒప్పుకోవడం మాకు ఇష్టం లేదు. మెరిట్ అనేది ఒకటి ముందే ఉండి, పరిచయం దానికి అడ్డం వస్తున్నట్టు ఆ ప్రశ్న మనల్ని నమ్మిస్తుంది. ఇక్కడ పరిచయం అడ్డదారి కాదు. మెరిట్ తయారయ్యే దారే అది.

ఇంకో సంగతి డబ్బు. ఈ పనిలో పేరు తెచ్చేది వేరు, కూడు పెట్టేది వేరు. మియర్స్ చెప్పిన లెక్కలో వోగ్ పత్రిక కోసం రోజంతా ఫొటోలు దిగితే వచ్చేది సుమారు 150 డాలర్లు. డబ్బొచ్చేది క్యాటలాగుల్లో, వ్యాపార ప్రకటనల్లో. క్యాటలాగులే చేసుకుంటూ పోతే ఇల్లు గడుస్తుంది గానీ పెద్ద డిజైనర్ల దగ్గర విలువ పడిపోతుంది. పేరు కోసం కాచుకుని కూర్చోవాలంటే కూర్చునే స్తోమత ఉండాలి. ఈలోపల టెస్ట్ ఫొటోలు, విమానం టికెట్టు, ఏజెన్సీ చూపించిన గదిలో మంచం అద్దె, అన్నీ మోడల్ ఖాతాలో రాస్తారు. సంపాదనలో మామూలుగా 20 శాతం కమీషన్ పట్టుకుని, పాత బాకీ మినహాయించుకుని, మిగిలితే ఇస్తారు. మిగలకపోతే బాకీ పెరుగుతుంది.

ఇది చదువుతుంటే మాకు తెలంగాణ పల్లెల్లో జీతమున్న మనిషి గుర్తొచ్చాడు. దొర కొలిచిన గింజలు, బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు, అన్నీ దొర పుస్తకంలోనే ఉండేవి. అందులో ఏం రాశారో జీతగాడికి తెలిసేది కాదు. రెండూ ఒకటేనని మేం అనడం లేదు. మోడల్ వదిలేసి పోగలదు, జీతగాడు పోలేకపోయేవాడు. కానీ లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు పలుకుబడి ఉన్నవాళ్ల సంగతి. ఒకప్పటి ప్రఖ్యాత మోడల్ సిండీ క్రాఫర్డ్ కూతురు కైయా గెర్బర్ 2017 సెప్టెంబర్‌లో, పదహారేళ్లు నిండిన వెంటనే, కాల్విన్ క్లైన్ ప్రదర్శనలో ర్యాంప్ ఎక్కింది. ఆ పిల్లకి అందం లేదని ఎవరూ అనరు. తల్లి పోలికే. అయితే తల్లి నుంచి వచ్చింది పోలిక ఒక్కటే కాదు. ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో చెప్పే మనిషి ఇంట్లోనే ఉంది. మూడేళ్లు పని లేకపోయినా గది అద్దె బాకీ పడదు. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ మ్యాగజైన్ ఇలాంటి పెద్దింటి పిల్లల మీద ‘నెపో బేబీ’లంటూ ముఖచిత్ర కథనం వేస్తే, మా కష్టం మేం పడ్డాం అని కొందరు చిన్నబుచ్చుకున్నారు. పడే ఉంటారు. నర్సింగ్‌హోమ్ ఉన్న డాక్టర్ల కొడుకులు డాక్టర్లయినప్పుడు మన దగ్గరా ఆ మాటే అంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పరిచయం మొదటి నాలుగు తలుపులు తీస్తుంది. ఆ తర్వాత బట్ట అమ్ముడుపోకపోతే తల్లి పేరు ఎంతో కాలం మొయ్యదు. అసలు తేడా ఇంకోచోట ఉంది. పెద్దింటి పిల్ల ఓడిపోయినా మళ్లీ ప్రయత్నిస్తుంది. లేనింటి పిల్ల ఒకసారి ఓడితే ఇంటికి పోవాల్సిందే, అప్పుతో సహా.

ఇలా అనగానే ఎదురు ఉదాహరణలు వస్తాయి. కేట్ మాస్‌ని 1988లో న్యూయార్క్ విమానాశ్రయంలో చూసి ఎంపిక చేశారు, అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు. దక్షిణ సూడాన్ మూలాలున్న అనోక్ యాయ్ 2017 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం ఉత్సవానికి వెళితే, అక్కడ తీసిన ఫొటో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పాకిపోయింది. 2018 ఫిబ్రవరిలో ప్రాడా ప్రదర్శనలో అందరికన్నా ముందు నడిచింది ఆమే. నిజమే, సంతోషమే. కాకపోతే 1997లో నవోమీ క్యాంప్‌బెల్ తర్వాత ప్రాడా ప్రదర్శనని మొదలుపెట్టిన నల్లజాతి మోడల్ మళ్లీ అనోక్ యాయే. మధ్యలో ఇరవై ఏళ్లు ఒక్కరిలోనూ ఆ ‘ఏదో’ కనబడలేదా?

పరిచయమే లేని శుద్ధమైన మెరిట్‌కి ఏమవుతుందో చూడాలంటే కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరానికి పోవాలి. యూరప్ ఏజెన్సీలు ఆ శిబిరం నుంచి యువతీయువకులని ఎంపిక చేసి తీసుకుపోయిన తీరు మీద 2023లో లండన్ సండే టైమ్స్ పత్రిక పరిశోధనా కథనం వేసింది. వాళ్లకి సిఫార్సు లేదు, తెలిసినవాళ్లు లేరు. కేవలం మొహం, ఎత్తు చూసి తీసుకున్నారు. కొందరు ర్యాంపులు ఎక్కారు. పని దొరకనివాళ్లని వారాల్లోనో నెలల్లోనో వెనక్కి పంపించేశారు, ఏజెన్సీకి వేల యూరోలు బాకీ ఉన్నారంటూ లెక్క చేతికిచ్చి. శిబిరంలో రేషన్ మీద బతికే పిల్ల ఆ యూరోలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఎంపికలో మెరిట్టే చూశారు. తర్వాత నిలబెట్టేది మెరిట్ కాదు గదా.

మన విశ్వవిద్యాలయాల్లో రిజర్వుడు పోస్టు దగ్గర ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని రాసి ఖాళీగా వదిలెయ్యడం ఇది చదివే టీచర్లకి తెలియంది కాదు. ఫ్యాషన్‌లోనూ ఆ మాట ఉంది. తెల్లవాళ్లు కానివాళ్లు ఎందుకింత తక్కువ అంటే, మాకేం పక్షపాతం లేదు, మంచివాళ్లు దొరకడం లేదని మియర్స్‌తో ఆ రంగంవాళ్లు చెప్పారు. దొరికినవాళ్లలో కూడా రంగు ఒక్కటే వేరుగా ఉండి, మిగతా కవళికలన్నీ తెల్లవాళ్లకి దగ్గరగా ఉంటేనే ఖరీదైన పనికి పనికొచ్చేవాళ్లు.

దీన్ని కదిలించింది ఏ ఒక్కరి మెరిట్టూ కాదు. 1973లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో అమెరికన్ డిజైనర్ల తరఫున నడిచి, ఫ్రెంచి ప్రేక్షకులని లేపి చప్పట్లు కొట్టించిన నల్లజాతి మోడళ్లలో బెథాన్ హార్డిసన్ ఒకరు. మెరిట్‌కి రుజువు కావాలంటే అంతకన్నా ఏం కావాలి? అయినా నలభై ఏళ్ల తర్వాత, 2013లో, న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో నడిచినవాళ్లు నూటికి 80 మందికి పైగా తెల్లవాళ్లే. ఆ సెప్టెంబర్‌లో హార్డిసన్ న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ సంఘాలకి ఉత్తరాలు రాశారు. నల్లజాతి మోడల్‌ని అసలు పెట్టుకోని డిజైనర్లెవరో, ఒక్కరితో సరిపెట్టినవాళ్లెవరో పేరుపేరునా రాశారు. మీ మనసులో ఏముందో మాకనవసరం, ఫలితం మాత్రం జాతి వివక్షే అన్నది ఆ ఉత్తరాల సారాంశం. తర్వాతి సంవత్సరాల్లో అంకెలు మారుతూ వచ్చాయి. ఎంపిక చేసే కళ్లు అవే. కొత్తగా వచ్చింది లెక్క. రాత్రికి రాత్రి ‘మంచివాళ్లు’ ఎక్కణ్ణుంచి దొరికారో ఎవరూ అడగలేదు.

మన దేశంలో ఆ లెక్క తియ్యడం అంత సులువు కాదు. జాతి కంటికి కనబడుతుంది, కులం కనబడదు. దళితులంతా నలుపూ కాదు, అగ్రవర్ణాలంతా తెలుపూ కాదు. రంగు వివక్షే కుల వివక్ష అనుకుంటే పొరబడతాం. కానీ రంగు గురించి మాట్లాడే భాషలో కులం దాక్కుని ఉంటుంది. 1975లో బజారులోకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. డబ్బా మీద మాట మారింది. ఇళ్లల్లో మాత్రం నచ్చిన పిల్లని ‘పెద్దింటి పిల్లలా ఉంది’ అంటారు, నచ్చకపోతే ‘పనిమనిషి మొహం’ అంటారు. పెద్దిల్లు ఎవరిదో, పనిమనిషి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ యువతి రెనీ కుజూర్ మోడల్‌గా పని వెతుక్కున్నప్పుడు నల్లగా ఉందని తోసిపుచ్చారు. పని ఇచ్చినా ఫొటోల్లో రంగు తేల్చి చూపించేవాళ్లని ఆమె 2018లో పత్రికలకి చెప్పారు. గాయని రిహానా పోలికలు ఉన్నాయన్న మాట పుట్టాక ఆమెని పిలవడం మొదలుపెట్టారు. ఈ మధ్యలో ఆమె మొహం మారలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెలో పుట్టిన నలుపు లోపం, అమెరికా మెచ్చిన నలుపు లుక్.

మిగతా జల్లెళ్లు తెలిసినవే: ఇంగ్లీషు యాస, చదివిన స్కూలు, ముంబైలో గది అడిగితే ముందుగా అడిగే ఇంటిపేరు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి మిస్ ఇండియా అయిన పోటీలోనే ఆటోడ్రైవర్ కూతురు మాన్యా సింగ్ రన్నరప్‌గా నిలిస్తే పత్రికలు పండగ చేశాయి. ఆమె పడ్డ కష్టం నిజం. అది చూపించి ‘మెరిట్ ఉంటే చాలు’ అనేవాళ్లు, ఆటోవాళ్ల పిల్ల అక్కడిదాకా రావడం వార్త ఎందుకైందో చెప్పరు.

ఇక పిల్లలు వచ్చి అడిగితే టీచర్లు, కార్యకర్తలు ఏం చెప్పాలి? వద్దని చెప్పమని మేం అనం. కొన్ని సంగతులు మాత్రం విడమరిచి చెప్పాలి. పని ఇప్పించి కమీషన్ తినేది ఏజెన్సీ. రిజిస్ట్రేషన్‌కి ఇంత, మా దగ్గరే పోర్ట్‌ఫోలియో తియ్యడానికి ఇంత, గ్రూమింగ్‌కి ఇంత అని ముందే వసూలు చేసేవాడు క్లయింట్ల మీద కాదు, మన పిల్లల మీద బతుకుతున్నాడు. మొదటిసారి పంపడానికి మేకప్ లేకుండా, పగటి వెలుతురులో, ఫోన్‌తో తీసిన ఫొటోలు చాలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లని ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు.

మాజీ మోడల్ సారా జిఫ్ 2012లో పెట్టిన మోడల్ అలయన్స్ సంఘం ఏళ్ల తరబడి పట్టుబట్టాక న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్యాషన్ వర్కర్స్ చట్టం వచ్చింది. 2024 డిసెంబర్‌లో గవర్నర్ సంతకం అయింది, 2025 జూన్ నుంచి అమల్లోకొచ్చింది. కమీషన్ 20 శాతం దాటకూడదు, ముందుగా రుసుము గానీ డిపాజిట్ గానీ తీసుకోకూడదు, ఒప్పందాల కాపీలు మోడల్‌కి ఇవ్వాలి. కంప్యూటర్‌తో ఆమె బొమ్మని తయారుచేసి వాడుకోవాలంటే ఆమె అనుమతి విడిగా తీసుకోవాలి. ఆ చట్టం మన పిల్లలకి వర్తించదు. కానీ అందులో ఉన్న ప్రశ్నలన్నీ వాళ్లు సంతకం పెట్టబోయే కాగితం మీద వెయ్యొచ్చు. ఖర్చులు ఎవరి ఖాతాలో రాస్తారు, ఆ ఖాతా ప్రతి నెలా చూపిస్తారా అని ముందు అడగమనండి. చూపించం అంటే ఆ కాగితం వెనక్కి ఇచ్చి రమ్మనండి.