హలాల్ సరే, తయ్యిబ్ మాటేమిటి?

మన ఆహారం హలాల్‌గానూ తయ్యిబ్‌గానూ, అంటే ధర్మసమ్మతంగానూ పరిశుద్ధంగానూ ఉండాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. మొదటిదాన్ని ఆరా తీస్తాం, రెండోదాన్ని మరుస్తాం.

కొన్ని పురుగుమందులు శరీరంలోని హార్మోన్లను అనుకరిస్తాయి, కొన్ని అడ్డుకుంటాయి. గర్భస్థ శిశువుకు ఇది మరింత ప్రమాదకరం. ఈ గుణాన్ని పరీక్షించాలని అమెరికా 1996లో చట్టం చేసింది. తొలి పరీక్షలకు ఆదేశాలు 2009లో వెలువడ్డాయి. 52 రసాయనాల ప్రాథమిక ఫలితాలు 2015లో వచ్చాయి. చట్టం నాటి పసికందులకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు!

ప్రజల ఆరోగ్యం పాలకుల చేతిలో అమానత్. అందులో జాప్యం తగదు. అయితే మన చేతిలోనూ ఒక అమానత్ ఉంది. రైతు సోదరులారా! పిచికారీకీ కోతకూ మధ్య డబ్బాపై సూచించిన గడువు పాటించండి. తల్లులారా! కూరగాయలను ధారగా పడే నీటి కింద బాగా కడగండి. మన పంట తినే బిడ్డ ఎవరి బిడ్డయినా, ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో ప్రశ్న మనకే.