ప్రార్థనా స్థలాల వద్ద బెదిరింపు ప్రదర్శనలు: చట్టం కల్పిస్తున్న రక్షణ

కామారెడ్డి: ప్రార్థనకు వెళ్లే వ్యక్తి, ఏ మతస్థుడైనప్పటికీ, భయపడవలసిన పరిస్థితి రాకూడదన్నది రాజ్యాంగ ఆశయం. 25వ అధికరణం మత స్వేచ్ఛను, 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును ప్రసాదించాయి. ఈ రెండు హక్కులు ఒకే వీధిలో ఎదురుపడినప్పుడు సమతూకం పాటించే బాధ్యత స్థానిక యంత్రాంగంపై ఉంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ల అధికారులు, పాత్రికేయుల అవగాహన నిమిత్తం సంబంధిత నిబంధనలను ఇక్కడ వివరించడమైనది.

ప్రార్థనా స్థలానికి ఇన్ని మీటర్ల లోపు నిరసన నిషిద్ధమని నిర్దేశించే ప్రత్యేక కేంద్ర చట్టం మన దేశంలో లేదు. కెనడాలోని బ్రాంప్టన్‌లో 2024 నవంబరు 3న హిందూ సభా మందిరం వద్ద ఘర్షణలు జరిగిన పిమ్మట, ప్రార్థనా స్థలాల సమీపంలో ప్రదర్శనలను నియంత్రిస్తూ ఆ నగరపాలక సంస్థ ఉపచట్టం చేసింది. మన వద్ద దూరం, సమయం, మార్గం సందర్భాన్ని బట్టి అధికారులే నిర్ణయించవలసి ఉంటుంది.

ముందస్తు చర్యలు

1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షను ఊరేగింపుల మార్గాన్ని, వేళలను నిర్దేశించే అధికారాన్ని పోలీసు అధికారులకు ఇచ్చింది. షరతులను ఉల్లంఘించిన ఊరేగింపును 30-ఎ సెక్షను కింద నిలిపివేయవచ్చు. సామూహిక ప్రార్థన జరిగే వేళ ప్రార్థనా స్థలాల పరిసరాలలో ఆటంకాలు కలుగకుండా చూడటం పోలీసుల విధి అని 31వ సెక్షను స్పష్టం చేస్తున్నది. అత్యవసర సందర్భాలలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షను (పూర్వపు 144) కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు నిషేధాజ్ఞలు జారీ చేయవచ్చు. ఈ ఆజ్ఞలు సాధారణంగా రెండు నెలలకు మించి అమలులో ఉండవు.

నేరాలు, శిక్షలు

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం:

- మతాన్ని అవమానించే ఉద్దేశంతో ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేయడం, అపవిత్రం చేయడం (298): రెండేళ్ల వరకు జైలు.
- మతపరమైన సమావేశాన్ని ఉద్దేశపూర్వకంగా భంగపరచడం (300): ఏడాది వరకు.
- శ్మశానాలు, ఖబ్రస్తాన్లలో దురుద్దేశంతో చొరబడటం (301): ఏడాది వరకు.
- ప్రార్థనా స్థలంలో వర్గ వైషమ్యాలు రెచ్చగొట్టడం (196-2): ఐదేళ్ల వరకు.

అధికారానికి హద్దులు

నిరసన తెలపడం నేరం కాదు. భక్తుల దారిని అడ్డగించడం, బెదిరించడం, ప్రార్థనను భంగపరచడం నేరాలు. నిషేధాజ్ఞలలో కారణాలను పేర్కొనాలని, న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచివేసేందుకు వాటిని వినియోగించరాదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో స్పష్టం చేసింది. అందుచేత మార్గం మార్చినా, అనుమతి నిరాకరించినా, కారణాలతో కూడిన లిఖితపూర్వక ఉత్తర్వే అటు నిరసనకారులకు, ఇటు భక్తులకు రక్షణ. ఒక మతం వారికి విధించిన షరతు, అటువంటి పరిస్థితులలో మరొక మతం వారికీ వర్తించాలి.

సంప్రదింపుల ద్వారా చట్ట ప్రయోగం అవసరం రాకుండా చూడవచ్చు. 2023 సెప్టెంబరు 28న గణేశ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున రాగా, హైదరాబాదులో ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. పండుగలకు ముందు జరిపే శాంతి సంఘ సమావేశాలకు ఇదే స్ఫూర్తి కావలసి ఉన్నది.

ఘటనలపై వార్తలు ప్రచురించేటప్పుడు వదంతులకు తావీయక, జారీ అయిన ఉత్తర్వును, నమోదైన సెక్షన్లను పరిశీలించి వ్రాయవలసినదిగా పాత్రికేయులను కోరడమైనది.