నల్ల పొగ చెప్పిన సాక్ష్యం

హాస్టల్లో మాతోపాటు చదువుకున్న ఒక మిత్రుని తండ్రి లారీ డ్రైవరు. పిడుగురాళ్ళ నుంచి సున్నం లోడు తోలేవారు. బండికి డీజిల్ పంపు పాడైతే ఓనరు వేరే లారీ నుంచి తీసిన పాత పంపు కొని వేయించాడు. అప్పటి నుంచి తిప్పలు మొదలయ్యాయి. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి మూడున్నరకు దిగిపోయింది. 420 కిలోమీటర్ల ట్రిప్పుకు 105 లీటర్లు పట్టేది 120 పట్టింది. ఆ 15 లీటర్లు దారిలో అమ్ముకున్నాడని ఆయన మీద నింద వేసి జీతంలో కోశారు.

మరి ఆ డీజిల్ ఎక్కడికి పోయింది? సెలవుల్లో మేము నలుగురం నరసరావుపేటలో ఒక లారీ షెడ్డుకు వెళ్ళి, మేస్త్రీని అడిగి తెలుసుకున్న సంగతులు మన హాస్టల్ తమ్ముళ్ళ కోసం రాస్తున్నాము.

పంపు చేసే పని

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే నాజిల్ డీజిల్‌ను మంచులాగా చల్లితే దానంతట అదే అంటుకుంటుంది. ఎంత చల్లాలి, ఎప్పుడు చల్లాలి అన్నది పంపు చూసుకుంటుంది. ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 750 సార్లు డీజిల్ పడాలి. పడిన ప్రతిసారీ ఆ పని దాదాపు సెకనులో 500వ వంతులో అయిపోవాలి. ఇలాంటి పంపులను జర్మనీలో బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో మైకో కంపెనీ ఏర్పడింది. 2008లో దాని పేరు బాష్‌గా మారింది.

పంపు మార్చాక చూడవలసినవి

మొదటిది గాలి తీయడం. పైపుల్లో గాలి చిక్కితే ఇంజను పట్టుకోదు. హ్యాండ్ పంపు కొడుతూ, స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ఒకే ధారగా వచ్చేదాకా వదలాలి.

రెండవది టైమింగ్. ఇంజను రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టు తిరుగుతుంది. ఒకటో సిలిండరు కంప్రెషనులో ఉండగా ఫ్లైవీల్ మీది గుర్తుకు పంపును కలపాలి. డీజిల్ ముందే పడితే ఇంజను టకటక కొడుతుంది. ఆలస్యంగా పడితే పుల్లింగ్ తగ్గుతుంది, పొగ పెరుగుతుంది, సైలెన్సరు వేడెక్కుతుంది.

మూడవది కొలత. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. టర్బో ఉన్న ఇంజనులోకి గాలి ఎక్కువ వెళుతుంది కాబట్టి దాని పంపు డీజిల్ కూడా ఎక్కువే పోస్తుంది. అదే పంపును టర్బో లేని ఇంజనుకు బిగిస్తే? డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. కాలీ కాలని డీజిల్ మసిగా మారి సైలెన్సరులోంచి పోతుంది.

మా మిత్రుని తండ్రి బండిలో జరిగింది ఇదే. పైగా లోడు లాగడం లేదని షెడ్డులో ఎవరో పంపు స్క్రూ ఇంకా తిప్పారు. స్క్రూ తిప్పితే డీజిల్ పెరుగుతుందే గాని గాలి పెరగదు కదా!

చివరికి పంపును విప్పి టెస్ట్ బెంచి మీద ఎక్కించి, ఆ ఇంజనుకు తగినట్టు కేలిబ్రేషన్ చేయించారు. టైమింగ్ మళ్ళీ కట్టారు. పొగ తగ్గింది, మైలేజీ నాలుగుకు వచ్చింది. జీతంలో కోత ఆగింది. అంతకుముందు కోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

తమ్ముళ్ళూ! ఆ పొగను నెలల తరబడి అందరూ చూశారు. అది ఏమి చెబుతున్నదో చదవగలిగినవారు లేక ఒక మనిషి దొంగ అనిపించుకున్నాడు. 2017లో దేశమంతటా బీఎస్-4, 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త లారీల్లో డీజిల్ కొలతను కంప్యూటరే చూస్తున్నది. అక్కడ స్క్రూడ్రైవరు చాలదు, చదువు కావాలి. పదో తరగతి తరువాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఉంది, ఒక్క ఏడాదే. ఆసక్తి ఉన్నవారు ఆలోచించండి. మన నాన్నల కష్టాన్ని లెక్కకట్టి చెప్పగలిగిన రోజున మనం చదివిన చదువుకు అర్థం ఉంటుంది.